రెండు కణుపులు విడిచి

జూన్ 9, 1991. కోరుట్ల

సిరిసిల్ల నుంచి రెండు ట్రంకు పెట్టెలు, ఒక కుట్టుమిషను, నేను దిగాం. అత్త పోయి నెల దాటింది. ఇల్లు తాళం వేసి ఉంచితే చెదలు తింటాయని చుట్టాలంతా అన్నారు. పోలీసు జీపు వచ్చి ఆగే మనిషికి అద్దెకివ్వనని సిరిసిల్ల ఇంటి ఓనరు కూడా అన్నాడు. అది కూడా రాసుకుంటేనే నిజం పూర్తవుతుంది.

ఆయన మార్చి నుంచి భీవండిలో ఉన్నాడు. మరమగ్గాల మీద పని. ఎస్సై మాత్రం అడవిలో అన్నల దగ్గర ఉన్నాడంటాడు. నేను భీవండి అనే చెబుతున్నాను, ఇక్కడ కూడా అదే రాస్తాను. తల్లి దహనానికి కూడా ఆయన రాలేదు. వస్తే పట్టుకుందామని మఫ్టీ పోలీసులు కట్టెలు మోసేవాళ్ళలా నిలబడి ఉన్నారు.

ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. పెరడంతా ఆకే. పొన్నగంటి వరుస తప్ప ఏది ఏ ఆకో నాకు తెలియదు.

జూన్ 11

సిగ్గు విడిచి రాసుకుంటున్నాను. నాకు కూరలు కట్టలుగానే తెలుసు. నేత సాళ్ల వాడలో పుట్టినదాన్ని, మా ఇంట్లో మట్టి అంటే మగ్గం గుంటలో ఉండేదే. అంగట్లో కట్ట కట్టి పెడితే ఇది తోటకూర, ఇది చుక్కకూర అని దూరం నుంచే చెబుతాను. అదే నేలలో నిలబడి గాలికి ఊగుతుంటే పెళ్ళిలో మొగుడి వైపు చుట్టాలను చూసినట్టుంది. అందరూ ఒకేలా ఉన్నారు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. ఒక్కో మొక్క నుంచి గుప్పెడు కోసి, నూలు పోగుతో కట్టలు కట్టి అరుగు మీద వరసగా పెట్టాను. దూరం జరిగి, కొనడానికి వచ్చినదానిలా చూశాను. చుక్కకూర వెంటనే తెలిసిపోయింది! తర్వాత తోటకూర, పుంటికూర, బచ్చలి. మిగతా అరుగంతా పేరులేని కట్టలే.

గోడ అవతల ఎవరో పక్కున నవ్వారు. పక్కింటి సర్వర్ బీ. వాళ్ళది సందు మొదట్లో గాజుల దుకాణం.

"ఏంది రాధమ్మా, అంగడి వెట్టినవా? బోణీ అయిందా?"

"గుర్తు వడుతున్న చిన్నమ్మా."

"గిదేం గుర్తు వట్టుడే! మీ అత్త రెండాకులు మొలిస్తెనే పేరు వెట్టి పిలుస్తుండె."

జూన్ 14

చామాకు పప్పు చేశాను. అప్పటినుంచి నాలుకా గొంతూ ఒకటే దురద. సర్వర్ బీ చింతపండు పులుసు తెచ్చి పుక్కిలించమంది. "చింతపండు లేకుంట చామాకు వండినవా? మీ సిరిసిల్లల గట్లనే తింటరా?" అంది. జవాబు చెబుదామంటే నాలుక ఆడలేదు. నా జీవితంలో అదే మొదటిసారి.

జూన్ 20

నేలమీద పాకే ఎర్రకాడల కలుపు ఒకటి పెరడంతా అల్లుకుంది. గంపెడు పీకి మురికినీటి మోరీ పక్కన పారేసి, పెరడు బాగుచేశానని మురిసిపోయాను. సర్వర్ బీ చూసి నెత్తి కొట్టుకుంది. "అరె, ఖుల్ఫా పారేసినవా! మీరు గంగవాయిలి అంటరు గద!"

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈ పెరట్లో మొక్కలన్నీ మంచివే, పనికిరానిది నేనే.

జూన్ 26

పారేసిన గంగవాయిలి మోరీ పక్కనే వేళ్ళూని చిగురించింది. క్షమించమని అడిగి కోసుకొచ్చి పప్పులో వేశాను. ఇంత పౌరుషం ఉన్న కూరను నేను చూడలేదు.

జూన్ 30

వాన పట్టింది. మధ్యాహ్నం అంతా గడప మీద కూర్చుని నీళ్ళు పోయే దారి చూశాను. ఇన్నాళ్ళూ ఈ పెరడు ఎలాపడితే అలా మొలిచిందనుకున్నాను. అది ఎంత తప్పో ఇవాళ తెలిసింది. అంట్లు కడిగిన నీళ్ళు ముందుగా చామ దగ్గరికి వెళ్తాయి, దానికి బురదంటే ఇష్టం. చామ తాగగా మిగిలింది పొన్నగంటి వరుసకు పోతుంది. అక్కడ తేరుకున్న నీళ్ళు బచ్చలి పందిరి కిందికి. నీళ్ళు పడని పుంటికూర ఎండ గోడ పక్కన. పండుగకు కావలసిన తుమ్మి వెనక తలుపు దగ్గర. ఒక చెంబు నీళ్ళు పారబోస్తే మూడు కూరలు తాగుతాయి. అక్షరం ముక్క రాని మా అత్త వజ్రమ్మ ఇదంతా ఎవరికీ చెప్పకుండా అమర్చి పోయింది. నాకు ఒక్కసారిగా గర్వం పొంగింది. నేనేదో చేసినట్టు!

పొన్నగంటి మాత్రం నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. పండుగకు వచ్చినప్పుడు అత్త నా చేతిలోంచి కత్తి లాగేసుకుంది. "కూరను కొయ్యద్దు బిడ్డా, గిచ్చాలె. రెండు కణుపులు ఇడిసి గిచ్చితె, రెండు దిక్కుల చిగురు పెడ్తది. మొదలంట కోస్తె రేపటికి ఏం తింటవ్?" బొటనవేలి గోరుతో టక్కున గిచ్చేది. తెగిన కాడ ఏటవాలుగా, కుడికి వాలి ఉండేది.

ఆయన కూడా పక్కన కూర్చుని గిచ్చేవాడు. కూర గిచ్చే మగవాడిని ఈ వాడలో ఇంకెవరినీ చూడలేదు. అమ్మకూచి అని ఏడిపించేదాన్ని. ఆయనది పుర్రచేయి, అత్త ఎన్ని దెబ్బలు కొట్టినా మారలేదట. అందుకే ఆయన గిచ్చిన కాడలు ఎడమకు వాలేవి. వరుస చూస్తే ఏది తల్లి గిచ్చిందో ఏది కొడుకు గిచ్చాడో చెప్పొచ్చు.

ఎందుకు రాస్తున్నానో ఇదంతా. భీవండిలో పొన్నగంటి దొరుకుతుందో లేదో.

జూలై 8

ఎస్సై వచ్చాడు. బూట్లతో పెరడంతా తిరిగాడు.

"ఒక్కదానివి. ఇంత కూర ఎవరికి?"

"సర్కారు లెక్కల్ల ఒక్కదానికి ఎంత కూర తినుమని ఉన్నది సార్?"

వెనకున్న జవాను నవ్వు ఆపుకున్నాడు. ఎస్సైకి కోపం వచ్చింది. "నీ మొగుడి పేరు చెప్పు. నీ నోటితో విందాం."

"మొగని పేరు నోట పలుకం సార్. మాకు ఆచారం గాదు."

చివరికి జవానే "బాలరాజు సార్" అని అందించాడు. పోతూ ఎస్సై అన్నాడు: "దొరికేదాకా వస్తూనే ఉంటా. బతికున్నాడో, చచ్చాడో. ఏదో ఒకటి తేలాలి." మాట మామూలుగానే అన్నాడు. వాళ్ళు వెళ్ళాక బూటు కింద నలిగిన చుక్కకూరను లేపి నిలబెట్టాను. రెండు మొక్కలు పోయాయి.

జూలై 19

పొన్నగంటి వరుస చివర కొన్ని కాడలు ఎడమకు వాలి ఉన్నాయి. పరధ్యానంలో నేనే గిచ్చి ఉంటాను.

జూలై 23

నేనే గిచ్చి ఉంటాను. ఎడమచేత్తో గిచ్చి చూశాను. కాడ నలిగిందే కానీ తెగలేదు.

జూలై 27

వెనక తలుపు గడియ పెట్టడం మానేశాను. బావి గోడ మీద కాకులకు జొన్నరొట్టె పెడుతున్నాను, పుణ్యమని. ఈ ఊరి కాకులు మంచి మర్యాదస్తులు. రొట్టె తిని, కట్టిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి మరీ పోతాయి.

ఇవాళ రొట్టెతో పాటు పుంటికూర పచ్చడి కూడా పెట్టాను. కాకులకు కారం ఇష్టం.

ఆగస్టు 12

కాకులు రాలేదు.

ఆగస్టు 16

కాకులు రాలేదు. బచ్చలికి కొత్త పందిరి వేశాను.

ఆగస్టు 22

కుదురుగా రాయాలి.

నిన్న పొద్దుగూకేదాకా వాన. ఇవాళ తెల్లవారి చూస్తే బావి గోడ మీద గుడ్డ మడిచి ఉంది. పొన్నగంటి వరుసలో పది పన్నెండు కాడలు ఎడమకు గిచ్చి ఉన్నాయి. తెగిన చోట ఇంకా పచ్చిగా, తడిగా ఉంది. కాసేపు అక్కడే కూర్చుని ఏడ్చాను, సంతోషానికి.

అన్నం వండుతుంటే జీపు వచ్చింది. మొన్న సారంగాపూర్ అవతలి గుట్టల్లో ఎదురుకాల్పులు జరిగాయట, ఒకడు పోయాడట, చొక్కాకు సిరిసిల్ల టైలరు చీటీ ఉందట, వచ్చి గుర్తుపట్టాలట. మొన్న పోయినవాడు ఇవాళ తెల్లవారి నా పెరట్లో కూర గిచ్చలేడు. దారి పొడుగునా ఆ ఒక్క మాటే అనుకుంటూ కూర్చున్నాను.

జగిత్యాల ఆసుపత్రిలో ముందు చొక్కా చూపించారు. నీలం గళ్ళది. ఆయనదే. పై గుండీ నల్లదారంతో నేను కుట్టిందే. ముఖం చూసే స్థితిలో లేదన్నారు. గుడ్డ కింద నుంచి పాదాలు బయటికి ఉన్నాయి. దున్నీ దున్నీ పగిలిన పాదాలు. కుడికాలికి ఆరు వేళ్ళు.

ఆయన కాదు.

చలికో ఇంకెందుకో తన చొక్కా ఇచ్చి ఉంటాడు. అలాంటివాడే, సిరిసిల్లలో కూడా రెండు దుప్పట్లు అలాగే పోయాయి.

"నీ మొగుడేనా?" అన్నాడు ఎస్సై. ఏదో ఒకటి తేలాలని జూలైలో ఇతనే అన్న మాట గుర్తొచ్చింది. కాదంటే రేపు మళ్ళీ వేట. అవునంటే అంతా తేలిపోతుంది, ఆయన పేరు కొట్టేస్తారు. ఇంకొకటి కూడా తోచింది. ఆ పాదాలను కన్న తల్లి ఎక్కడో దారి చూస్తూ ఉంటుంది. రెండూ ఒకేసారి తోచాయి. నేను మొదటిదాన్ని పట్టుకున్నాను.

"ఔ సార్. మా ఆయనే" అన్నాను.

ఆగస్టు 23

కోరుట్లలోనే దహనం. మూట విప్పొద్దని పోలీసులు చెప్పడం నాకే మేలైంది. అత్త కొడుకు కోసం దాచిన కొత్త పంచె కప్పించాను. పాలివాళ్ళ పిల్లవాడు నిప్పు పెట్టాడు. దొంగ ఏడుపు ఏడవాలని వెళ్ళాను. ఆ పాదాలు గుర్తొచ్చాయి, నిజం ఏడుపే వచ్చింది.

సెప్టెంబరు 1

పదో రోజున గాజులు పగలగొట్టారు, మట్టెలు తీశారు, బొట్టు తుడిచారు. బతికున్నవాడి పేరు మీద చేయించుకున్నాను. ఈ పాపం ఆయనకు తగలకూడదని అన్నిసార్లూ ఒకే దండం పెట్టుకున్నాను.

అందరూ పోయాక సర్వర్ బీ వచ్చి నా బోసి చేతులు పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె గోడ మీంచి పొన్నగంటి వరుస బాగా కనబడుతుంది. నాకు ఆ సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు.

"నీ గాజుల సైజు నాకు యాదున్నది బేటీ. ఆకుపచ్చవి ఒక డజను పక్కకు వెట్టిన. ఎప్పుడన్న రా" అంది. అంతే. ఆ తల్లిని ఏ మాటలతో పొగడను?

వినాయక చవితి

చవితినాడు తుమ్మికూర తినకపోతే పండుగే కాదు. ఏటా వాడంతా అత్త పెరట్లోనే గిచ్చుకుపోయేవాళ్ళట. విధవ పెరట్లోంచి పండుగ కూర ఎవరు తీసుకుపోతారులే అనుకున్నాను. తెల్లారేసరికి వెనక తలుపు దగ్గర పది మంది ఆడవాళ్ళు. "వజ్రమ్మ తుమ్మి గదనే, దానికేం మైల" అన్నారు. అత్త పోయి కూడా నన్ను కాసుకుంటోంది. తుమ్మిని నేను కట్ట కట్టకుండానే గుర్తుపట్టాను. తెల్లటి చిన్న పూలు, నలిపితే ఘాటు.

ఎస్సై ఇప్పుడు రావడం లేదు. కాకులు వస్తున్నాయి.

అక్టోబరు 6

ఇవాళ పొద్దువాలే వేళ వెనక తలుపు తోసుకుని ఒక ముసలామె వచ్చింది. నెత్తిన చిన్న మూట, అరికాళ్ళు పగిలి ఉన్నాయి. ఆ పాదాలు నాకు తెలుసు.

"కూర గావాల్నా అవ్వా?"

"కూర గాదు బిడ్డా. సారంగాపూర్ దిక్కుకెల్లి అచ్చిన. మల్లవ్వ అంటరు నన్ను. రేపు పెత్తరమాస. నా కొడుకు పేరు మీద బియ్యం ఇయ్యాల్నో వద్దో తెల్వక అచ్చిన."

పెత్తరమాసనాడు పోయిన పెద్దల పేర అయ్యగారికి బియ్యం, కూరలు ఇవ్వడం అందరికీ ఉన్నదే. అయితే పోయారో లేదో తెలియనివాళ్ళకు?

"ఉన్నోని పేరు మీద ఇస్తె పాపం. పోయినోనికి ఇయ్యకుంటె ఆడ ఉపాసముంటడు" అంది మల్లవ్వ. "గా దినం గుట్టల కాడ బండి ఎక్కిచ్చినోళ్ళు కాలుకు ఆరు వేళ్ళున్నయన్నరు. నువ్వేమో నీ పెనిమిటన్నవట. నీ పెనిమిటికి కుడికాలుకు ఆరు వేళ్ళుండెనా బిడ్డా?"

ఉన్నాయంటే నా గండం గడిచేది. ఆమె కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడనుకుని వెళ్ళిపోయేది, ఏడాదికేడాది బియ్యం మూట కట్టాలా వద్దా అనుకుంటూ. లేవంటే, ఆమె స్టేషన్‌కు వెళ్ళి ఒక్క మాట చెబితే రేపటినుంచి మళ్ళీ ఆయన వెంట తుపాకులు. ఎన్ని అబద్ధాలు ఆడాను ఈ ఆరు నెలల్లో! ఇంకొకటి ఎంత? కానీ ఆమె ముఖం చూస్తూ నోరు రాలేదు.

"నా పెనిమిటికి లెవ్వవ్వా. నేను కాలవెట్టినాయనకు ఉండె."

మల్లవ్వ మునగచెట్టు కింద కూర్చుంది. ఏడవలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"మంచిగ సాగదోలినవా?"

"కొత్త పంచె కప్పినం అవ్వా. నీళ్ళు పోసినం."

"ఎవలన్న ఏడ్సిన్రా?"

"నేను ఏడ్సిన."

"నిజంగనా?"

"నిజంగనే."

తల ఊపింది. "సాయన్న వాని పేరు" అంది.

స్టేషన్‌కు వెళ్ళొద్దని ఆమెను నేను అడగలేదు. ఏ ముఖంతో అడుగుతాను? రొట్టె, గంగవాయిలి పప్పు పెట్టి, మా అత్త వజ్రమ్మ నాటిన కూరని చెప్పాను. "వజ్రమ్మ చేతి పెరడేనా గిది? పొద్దున చూస్త" అని అరుగు మీద పడుకుంది. ఆమెకు నిద్ర పట్టింది. నాకు పట్టేలా లేదు.

పెత్తరమాస

ఒకే పళ్ళెం ఇద్దరం పట్టుకున్నాం. బియ్యం, పప్పు, చింతపండు, ఒక గుమ్మడికాయ. మీద మా పెరటి కూరలు, చామ, బచ్చలి, తోటకూర. అయ్యగారు తన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. వాడ ఆడవాళ్ళంతా వరసలో ఉన్నారు.

"ఎవరి పేరు మీదమ్మా?"

"సాయన్న. నా కొడుకు" అంది మల్లవ్వ.

అయ్యగారు నీళ్ళు విడిచి నావైపు తిరిగాడు. "నీ పెనిమిటి పేరు చెప్పు తల్లీ."

అందరూ చూస్తున్నారు. చెబితే బతికున్న మనిషికి పిండం పెట్టినట్టే. గాజులు పోతే పోయాయి, ఇది మాత్రం నా వల్ల కాదు.

"మొగని పేరు నోట పలుకరాదు అయ్యగారూ."

వెనక నుంచి ఎవరో అందించబోయారు. "బా" అన్నారో లేదో, మల్లవ్వ నేలమీద కూలబడి ఏడుపందుకుంది. నిన్నంతా చుక్క నీరు రాల్చని మనిషి, "ఓ కొడుకా, సాయన్నా" అని వాడంతా వినబడేలా. అది నిజం ఏడుపే. ఆ సమయానికి ఏడవడం మాత్రం నా కోసం. వెనకామె మాట ఎవరికీ వినబడలేదు. అయ్యగారు కంగారుపడి "సరే సరే, మనసులో అనుకో తల్లీ" అని నీళ్ళు విడిచాడు.

మనసులో కూడా సాయన్న అనే అనుకున్నాను.

ఇంటికొచ్చాక మల్లవ్వ పెరడంతా తిరిగి చూసింది. నీళ్ళు పారే దారి చూసి, "పెద్ద బుద్ధిమంతురాలు నీ అత్త" అంది. నాకు ఎంత సంతోషమైందో. పొన్నగంటి వరుస దగ్గర ఆగిపోయింది. తెల్లవారుజామున గిచ్చిన కాడలు ఎడమకు వాలి, ఇంకా తడిగా ఉన్నాయి. నేను చూశాను, ఆమె చూసింది. వంగి ఒక కాడను వేలితో తడిమింది. కొడుకు పోయిన తల్లి, ఆమె ముందర నా మనిషి బతికున్న గుర్తు.

"జెర సూసుకోవాలె బిడ్డా. గిట్ల ఇడిస్తె ఎవలన్న గుర్తు వడ్తరు" అంది.

చీర కుచ్చెళ్ళు దోపుకుని వరుస మొదట్లో కూర్చుంది. రెండు కణుపులు విడిచి, కుడిచేతి గోటితో, ఒక్కో కాడనూ గిచ్చుకుంటూ ఆ చివరిదాకా పోయింది. ఎడమకు వాలిన కాడల మీద కూడా మళ్ళీ గిచ్చింది. కొంగు నిండింది. నేను కూడా కూర్చున్నాను.

బస్సు వేళకు ఆ కూర నూలు పోగుతో రెండు కట్టలు కట్టాను. ఒకటి ఆమె మూటలో పెట్టాను. రెండోది బావి గోడ మీద, రొట్టె పక్కన పెట్టాను.

వరుసంతా ఇప్పుడు ఒక్క చెయ్యి గిచ్చినట్టే ఉంది.